నాన్‌బోర్డర్లు ఎక్కడికి పోవాలి?

పీజీ చివరి సెమిస్టరు పరీక్షలు ముగిశాయంటే విశ్వవిద్యాలయ హాస్టళ్ల నోటీసుబోర్డు మీద ఒక కాగితం పడుతుంది. కోర్సు పూర్తయినవాళ్లు మెస్సు బకాయిలు కట్టి, నో డ్యూస్ తీసుకుని, గడువులోగా గదులు ఖాళీ చేయాలి. న్యాయమైన మాటే. వచ్చే బ్యాచికి మంచాలు కావాలి కదా. అయితే ఆ గడువు దాటిన రాత్రి చాలా గదుల్లో జరిగేది ఒకటే. నిన్నటిదాకా మంచం మీద పడుకున్న అమ్మాయి నేలమీద చాప పరుచుకుంటుంది. తన పెట్టెను జూనియర్ మంచం కిందికి తోస్తుంది. రిజిస్టరులో ఆమె పేరు కొట్టేస్తారు. అప్పటినుంచి ఆమె నాన్‌బోర్డరు.

హాస్టల్ జీవితం తెలియనివాళ్లకు ఈ మాట కొత్త కావచ్చు. పెద్ద యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండి చదివిన ఎవరిని అడిగినా చెబుతారు. సీటు లేకనో, కోర్సు అయిపోయో, స్నేహితుల గదుల్లో సర్దుకుంటూ ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలు వీళ్లు. ఒక్క ఏడాది సమస్య కాదిది. మా ముందు తరం వాళ్లు ఇలాగే చదివారు, మా తరం చదివింది, ఇప్పుడు నా విద్యార్థులు చదువుతున్నారు. పాలకులకు తెలియని సంగతీ కాదు.

నేను ఉస్మానియాలో ఎమ్మే తెలుగు చదివాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర ఇంటర్ చదివిన పిల్లల్లో కొందరు డిగ్రీ, పీజీ దాటి ఈ రోజు ఏదో ఒక క్యాంపస్‌లో నేలమీద పడుకుని పుస్తకాలు తిరగేస్తున్నారు. వాళ్ల తరఫున నేను చెప్పదలచుకున్నది ఇది: నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మధ్య ఏళ్లకేళ్లు గడిపేసిన ప్రభుత్వాలకు, ఆ మధ్యకాలంలో చిక్కుకుపోయిన పిల్లల్ని అక్రమంగా ఉంటున్నవాళ్లని అనే హక్కు లేదు. ఎదురుచూడమన్నది ప్రభుత్వమే. అలా ఎదురుచూసేవాళ్లకు తలదాచుకునే చోటు, కడుపుకింత తిండి చూపించాల్సిందీ ప్రభుత్వమే.

నేను చేరిన ఏడాది మా గదిలో అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. రిజిస్టరులో లేదు, గదిలో ఉండేది. ఎమ్మే తెలుగు, బీఎడ్ పూర్తిచేసి డీఎస్సీకి చదువుతోంది. తెల్లవారుజామున మేమింకా నిద్రలో ఉండగానే లేచి, చాప చుట్టి, వరండా దీపం కింద కూర్చునేది. నేను లేచేసరికి ఆమె స్నానం అయిపోయి, నా బకెట్ కూడా నింపి ఉండేది. పగలంతా లైబ్రరీ. సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి తార్నాక వైపు నడిచి వెళ్లేది. బస్సు డబ్బులు మిగిలితే కోఠీలో పాత పుస్తకాలు కొనేది. తెలుగు అకాడమీ పుస్తకాలు ఎవరు ఖాళీ చేసిపోతున్నారో ముందే కనుక్కుని, అట్టలు చిరిగినవైనా సరే, తెచ్చుకునేది.

రాత్రి మెస్సులో నా కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టించుకుని గదికి తెచ్చేదాన్ని. వడ్డించే అన్నకు తెలుసు అది ఎవరికోసమో. ఒక్కనాడూ అడగలేదు. ఆదివారం కోడికూర రోజున మాత్రం అక్క ముట్టేది కాదు. "అది నీ లెక్కల ముక్క, నువ్వే తిను" అనేది. పప్పు, చారు తీసుకునేది, ముక్క తీసుకునేది కాదు. ఆ పట్టింపు వెనక ఎంత అభిమానం ఉందో తర్వాతెప్పుడో, నేను సంపాదించుకునే రోజుల్లో నాకు పూర్తిగా తెలిసింది.

బదులుగా ఆమె మాకు ఇచ్చింది తక్కువేమీ కాదు. బాలవ్యాకరణం పేపరుకు మా గదే ట్యూటోరియల్. కళలకూ ద్రుతప్రకృతికాలకూ తేడా, ఎక్కడ సరళాదేశం వస్తుందో ఎక్కడ గసడదవాదేశం వస్తుందో, అన్నీ మా ఊళ్ల మాటల్లోంచి ఉదాహరణలు తీసి చెప్పేది. ఇవాళ ఇంటర్ పిల్లలకు సంధులు చెప్పేటప్పుడు ఆమె ఇచ్చిన ఉదాహరణలే ఇస్తాను. హాస్టళ్లలో నాన్‌బోర్డర్లు జూనియర్లకు ఎన్ని పాఠాలు చెబుతారో, ఎన్ని దరఖాస్తులు నింపిపెడతారో, మొదటిసారి ఊరు దాటివచ్చిన పిల్లకు బ్యాంకు ఎక్కడో, స్కాలర్‌షిప్ ఫారం ఎక్కడ ఇవ్వాలో ఎలా చూపిస్తారో ఏ నివేదికలోనూ ఉండదు. ఊరి పిల్లకు యూనివర్సిటీని పరిచయం చేసేది చాలాసార్లు ఆ గదిలో నేలమీద పడుకునే అక్కే.

ఒకసారి దసరా సెలవులకు అందరం సర్దుకుంటుంటే ఆమె మాత్రం కదల్లేదు. ఇంటికి పోవా అక్కా అని అడిగాను.

"పోతే నా పుస్తకాలు అటక మీదికి పోతయి, నేను పెండ్లిపీటల మీదికి పోత. నౌకరి వచ్చినంక పోత చెల్లె."

మగపిల్లల నాన్‌బోర్డింగ్ గురించి అప్పుడప్పుడు వార్తలు వస్తాయి. ఆడపిల్లల సంగతి ఎవరూ రాయరు. మగపిల్లవాడు గది ఖాళీ చేసి ఊరికి పోతే ఇంట్లో నాలుగు మాటలు పడతాడు, పొలం పనికి పోతాడు, వీలు చూసుకుని మళ్లీ బస్సెక్కుతాడు. ఆడపిల్ల విషయంలో ఆ తిరుగు బస్సు ఉండదు. పీజీ అయిపోయింది, ఇంకా ఆ పట్నంలో ఏం పని అని చుట్టాలు అడుగుతారు. కూలికిపోయే తల్లిదండ్రులు బిడ్డను చదివించాలని ఎంత కోరుకున్నా ఆ ప్రశ్నకు ఎన్నాళ్లని జవాబు చెప్పగలరు? హాస్టల్‌లో ఉన్నాను అన్నంతవరకే ఆ పిల్లకు రక్షణ. ప్రైవేటు హాస్టల్‌కు డబ్బులు పంపండి అన్న రోజున సంబంధాలు చూడడం మొదలవుతుంది. నాతో చదివినవాళ్లలో తెలివైన అమ్మాయిలు కొందరు అలాగే వెనక్కిపోయారు. పరీక్షల్లో ఓడిపోయి కాదు, ఆ పరీక్ష వచ్చేదాకా పట్నంలో నిలబడే వీలు లేక.

మా అక్కకు 2008 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు జడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతోంది. అదే 2008 డీఎస్సీలో ఎస్జీటీ పోస్టుల్లో 30 శాతం డీఎడ్ వాళ్లకు కేటాయించడంతో నష్టపోయిన బీఎడ్ అభ్యర్థులు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి 2025లో తెలంగాణలో కాంట్రాక్టు టీచర్లుగా చేరారు. ఇరవై అయిదేళ్ల వయసులో పరీక్ష రాసిన మనిషి నలభై దాటాక బడిలో అడుగుపెట్టింది, అదీ కాంట్రాక్టు మీద. ఆ మధ్య కాలమంతా ఆమె ఎక్కడ ఉండాలి, ఏం తినాలి అన్నది ఏ జీవోలోనూ లేదు.

ఇది పాత కథ అనుకుంటే ఇటీవలి సంగతులే చూద్దాం. తెలంగాణ రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో, 503 పోస్టులతో వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024లో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ పెట్టారు. ఒకే ఉద్యోగానికి ఒకే తొలి మెట్టు పరీక్షను పిల్లలు మూడు వేర్వేరు ఏడాదుల్లో రాశారు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. తేదీలు మారి మారి 2024 డిసెంబరు 15, 16న గానీ పరీక్ష జరగలేదు. టీచర్ పోస్టులదీ అదే దారి. 2017లో టీఆర్టీ ఇచ్చాక మళ్లీ నోటిఫికేషన్ 2023లో, 5,089 పోస్టులతో వచ్చింది. అదీ ఆగిపోయి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో ఇంకోటి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 గ్రూప్-1 నోటిఫికేషన్ మీద 2024లో కూడా కోర్టు తీర్పులు వస్తూనే ఉన్నాయి.

ఈ ఆలస్యానికి ఎవరు బాధ్యులో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. కానీ ఆలస్యం జరిగిందని తెలంగాణ ప్రభుత్వమే రాతపూర్వకంగా ఒప్పుకుంది. 2022లో గరిష్ఠ వయోపరిమితిని 34 నుంచి 44 ఏళ్లకు పెంచింది. 2024లో 46 చేసింది. నలభై ఆరేళ్లు వచ్చేదాకా పరీక్ష రాయవచ్చని చెప్పిన ప్రభుత్వం, ఇరవై నాలుగేళ్లకు పీజీ పూర్తయిన పిల్ల ఆ తర్వాత ఎక్కడ కూర్చుని చదవాలో చెప్పలేదు. వయసు పెంచడం మంచి నిర్ణయమే, నా విద్యార్థులు చాలామంది దానివల్ల బతికారు. దాంతో పాటు చేయాల్సిన సగం పని మిగిలిపోయింది.

ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. చేస్తూనే ఉన్నారు. రాత్రిపూట ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్‌కు పోతారు, పెళ్లిళ్ల సీజన్లో అర్ధరాత్రి దాటాక క్యాంపస్‌కు వచ్చి పడుకుంటారు. బైకు ఉన్నవాళ్లు ఫుడ్ డెలివరీ చేస్తారు. ఆడపిల్లలు ట్యూషన్లు చెబుతారు, డీటీపీ చేస్తారు, జిరాక్స్ సెంటర్లలో కూర్చుంటారు. చరిత్ర, తెలుగు, రాజనీతిశాస్త్రం చదివిన పిల్లలకు ప్రైవేటు కాలేజీలు ఇచ్చే జీతంతో ఈ నగరంలో ఒక గది అద్దె కట్టి, తిని, ఇంటికి నాలుగు డబ్బులు పంపడం కుదిరే పని కాదు. ఆ ఉద్యోగం పట్టుకుంటే పరీక్షకు చదివే సమయం ఉండదు. సర్కారు నౌకరీ మీద వాళ్లకున్న పట్టుదలను సోమరితనంగా చూడడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. కులం, సిఫార్సు, ఇంగ్లీషు యాస అడగకుండా మార్కులు చూసి పిలిచే ఉద్యోగం వాళ్లకు ఇంకోటి ఏదీ కనిపించడం లేదు.

హైదరాబాద్‌లో డబ్బున్న పిల్లలకు అశోక్‌నగర్ ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టూ కోచింగ్ సెంటర్లు, ప్రైవేటు హాస్టళ్లు, మెటీరియల్ దుకాణాలు. కొంచెం తక్కువ ఉన్నవాళ్లకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. తలుపులు తెరవకముందే అక్కడ పిల్లలు బారులు తీరతారు. 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనం ఎంతమంది నిరుద్యోగుల కడుపు నింపిందో చెప్పలేం. ఎస్సీ, బీసీ స్టడీ సర్కిళ్లు ఉన్నాయి, అవి చేసే మేలు గొప్పది, కానీ సీట్లు తక్కువ, గడువు కొన్ని నెలలే. వీటన్నిటికీ అందకుండా మిగిలినవాళ్లు క్యాంపస్‌కు వస్తారు.

వచ్చినవాళ్లు క్యాంపస్‌ను పాడుచేస్తున్నారన్న మాట తరచు వింటాను. నేను చదివేటప్పుడు గానీ, ఇప్పుడు పనిమీద వెళ్లినప్పుడు గానీ నాకు కనిపించేది వేరు. ఉస్మానియాలో ఎన్‌సీసీ గేటు దాటి లోపలికి నడిస్తే చెట్ల కింద చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో పుస్తకాలు. లైబ్రరీ చుట్టూ అరుగుల మీద పిల్లలు. పొద్దున్నే నగరవాసులు నడకకు వస్తారు. చుట్టుపక్కల కాలనీల పెద్దలు, రిటైరైన ఉద్యోగులు, ఆ చెట్ల గాలి కోసం. వాళ్లు రావాలి కూడా, పెద్ద నగరంలో అంత పచ్చదనం మిగిలిన చోట్లు ఎన్ని ఉన్నాయి గనక. వాళ్లను ఎవరూ బయటివాళ్లు అనరు. అక్కడే డిగ్రీ పట్టా తీసుకుని, అక్కడి చెట్టు కిందే చదువుకుంటున్న పిల్లను మాత్రం బయటిమనిషి అంటున్నారు.

ఉస్మానియా చరిత్రలో హాస్టల్ గది ఎప్పుడూ చిన్న విషయం కాలేదు. 1917 నాటి నిజాం ఫర్మానాతో 1918లో మొదలైన విశ్వవిద్యాలయం అది. ఉర్దూలో ఆధునిక శాస్త్రాలన్నీ బోధించాలన్న సాహసంతో పుట్టింది. ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939 డిసెంబరులో. దానికి ముందు ఏడాదే, 1938లో, హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని బయటికి పంపేశారు. అలా చదువు పోయినవాళ్లలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పీవీ నరసింహారావు అలా నాగపూర్ బాట పట్టినవారే. ఒక విశ్వవిద్యాలయం తలుపు మూసినప్పుడు ఇంకోటి తలుపు తెరిచింది కాబట్టి ఒక తరం చదువు నిలిచింది. 1969లో, మళ్లీ 2009 నవంబరు తర్వాత, తెలంగాణ ఉద్యమానికి ఆయువుపట్టు ఈ హాస్టళ్లే. 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థి గర్జన జరిగినప్పుడు ఆ జనంలో బోర్డరు ఎవరు, నాన్‌బోర్డరు ఎవరు అని ఎవరూ గుర్తింపు కార్డు అడగలేదు. అన్ని పార్టీల నాయకులకూ ఆ పిల్లలు కావాల్సివచ్చారు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో మూడో మాట ఆ నేలమీద పడుకున్న పిల్లల మాట. రాష్ట్రం వచ్చాక వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు అదే నేలమీద ఉన్నారు.

ఇక అవతలి పక్షం మాట. నాన్‌బోర్డర్ల మీద అసహనంగా ఉన్నది వార్డెన్లు మాత్రమే కాదు. ఇప్పుడు చదువుతున్న పిల్లలకూ ఉంది, ఆ అసహనంలో న్యాయం ఉంది. ఇద్దరికో ముగ్గురికో కట్టిన గదిలో అయిదారుగురు ఉంటే మొదటి ఏడాది పిల్ల ఎలా చదువుతుంది? అంతకన్నా గట్టి కారణం మెస్సు లెక్కలో ఉంది. చాలా హాస్టళ్లలో మెస్సు డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. నెల తిరిగేసరికి బియ్యం, పప్పులు, కూరగాయలు, గ్యాసు అన్నిటి ఖర్చూ కూడి, బోర్డర్ల సంఖ్యతో భాగిస్తారు. ఉదాహరణకు రెండు వందల మంది పేరు మీద వండి మూడు వందల మంది తింటే, ఆ మూడు వందల మంది తిండి ఖర్చు రెండు వందల మంది బిల్లులో పడుతుంది. ఆ రెండు వందల మందీ ఉన్నవాళ్ల పిల్లలు కారు. స్కాలర్‌షిప్ మీద ఆధారపడ్డవాళ్లు.

ఆ డబ్బు ఎంతో కూడా చెప్పాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్ల డైట్ చార్జీలు పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. చాలాకాలానికి పెంచారు, సంతోషించాం. లెక్కవేస్తే రోజుకు 70 రూపాయలు. టిఫిను, రెండు పూటల భోజనం అందులోనే. అది కూడా నెలనెలా చేతికి రాదు. విడుదలయ్యేదాకా బకాయి పెరుగుతూ ఉంటుంది, కోర్సు అయ్యాక ఆ బకాయి కడితే గానీ నో డ్యూస్ రాదు, నో డ్యూస్ లేకపోతే సర్టిఫికెట్లు రావు. అలాంటి పిల్ల బిల్లులో ఇంకో పేదపిల్ల అన్నం చేరుతోంది. మా గదిలో అక్క కోడికూర ముట్టకపోవడానికి కారణం ఈ భాగహారమే. నాన్‌బోర్డర్ల భారాన్ని బోర్డర్లు మోయాలని నేను అడగడం లేదు. ఇన్నాళ్లూ మోసింది వాళ్లే. ప్రభుత్వం చేయాల్సిన ఖర్చును పద్దెనిమిది ఇరవై ఏళ్ల పిల్లలు తమ కంచాల్లోంచి తీసి పెట్టారు. అది ఆగాలి.

హాస్టళ్లలో ఏళ్లతరబడి పాతుకుపోయి, గదులు గుప్పిట్లో పెట్టుకుని, రాజకీయాలకు వాడుకునేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లను కచ్చితంగా పంపాలి. మగపిల్లల హాస్టళ్లలో కొత్తవాళ్లను భయపెట్టే దాదాగిరీ ఎక్కడున్నా దాన్ని ఉపేక్షించకూడదు. కానీ ఎవరి పేరూ రిజిస్టరులో లేనంతకాలం గ్రూప్-2 కోసం చదివే పిల్లకూ, గది ఆక్రమించుకున్న దాదాకూ తేడా తెలుసుకునే దారి యాజమాన్యానికి ఉండదు. అందుకే ఎప్పుడు చర్య తీసుకున్నా అందరిమీదా పడతారు. ఆ దెబ్బ ముందు తగిలేది బలహీనులకే. దాదాకు తెలిసినవాళ్లుంటారు, వాడు రెండు రోజుల్లో తిరిగొస్తాడు.

ఒక విశ్వవిద్యాలయంలో, పేరు అవసరం లేదు, నా పూర్వ విద్యార్థిని ఒకామె ఇలాగే ఉండేది. ఒక రాత్రి తనిఖీకి వచ్చారు. రిజిస్టరులో లేనివాళ్ల సంచులన్నీ వరండాలో పెట్టించారు. ఆమె నాకు ఫోన్ చేసింది. మేడమ్, పొద్దుటిదాకా ఎక్కడ కూర్చోవాలి అని అడిగింది. ఆ వేళకు ఊరికి బస్సు లేదు, నగరంలో చుట్టాలు లేరు. నేనున్న ఊరు దూరం. అక్కడే నా స్నేహితురాలి ఇంటికి పంపించాను. మర్నాడు ఆమె బాధపడింది సంచి గురించి కాదు, అందులో చేత్తో రాసుకున్న నోట్సు వానకు తడిసినందుకు. ఆ పిల్లకు లెక్చరర్ల అర్హత పరీక్ష సెట్‌లో అర్హత ఉంది. ఇవాళో రేపో ఏదో కాలేజీలో నా సహోద్యోగి కావాల్సిన మనిషి.

పేరు లేకుండా ఉండడంలో ఇంకో ప్రమాదం ఉంది. రాత్రిపూట ఆడపిల్లకు జబ్బు చేస్తే, నిప్పు ప్రమాదం జరిగితే, ఎవరైనా వేధిస్తే ఆమె ఫిర్యాదు చేయలేదు. నువ్వు ఇక్కడ ఎందుకున్నావు అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. జ్వరం వచ్చినా హెల్త్ సెంటరుకు పోవడానికి భయపడి, రూమ్మేటు పేరు మీద మందులు తెప్పించుకున్నవాళ్లను నేను చూశాను. మా అక్క అలా ఒకసారి టైఫాయిడ్‌ను మామూలు జ్వరమనుకుని లాక్కొచ్చింది. ఇంటి నుంచి వాళ్ల అమ్మ వచ్చి గేటు బయట చెట్టు కింద కూర్చుని ఆమెకు గంజి తాగించింది. లోపలికి వస్తే బిడ్డ సంగతి బయటపడుతుందని ఆ తల్లి భయం.

కాబట్టి నేను కోరేది వీళ్ల పేర్లు రాసుకోమని. పీజీ పూర్తయిన విద్యార్థి ఉద్యోగ పరీక్షలకు చదవాలనుకుంటే మూడేళ్లపాటు చెల్లే ఒక కార్డు ఇవ్వాలి. దాంతో లైబ్రరీలో కూర్చునే హక్కు, హెల్త్ సెంటరులో చూపించుకునే హక్కు, మెస్సులో కూపన్ కొనుక్కుని తినే హక్కు రావాలి. కూపన్ పద్ధతి పెడితే డివైడింగ్ లెక్కలోకి వీళ్ల తిండి చేరదు, బోర్డర్ల బిల్లు తగ్గుతుంది. పడుకోవడానికి గదులు కాదు, డార్మిటరీ చాలు. పెద్ద హాలు, మంచాలు, తాళం వేసుకునే అల్మారా, రాత్రంతా వెలిగే చదువుగది. ఇప్పుడు పడుకుంటున్న నేలకన్నా అది ఎంతో మేలు. నోటిఫికేషన్ ఇచ్చి పరీక్ష వాయిదా వేసినప్పుడల్లా ఆ కార్డు గడువు కూడా అన్ని నెలలు పెరగాలి. ఆలస్యం చేసినవాళ్లే ఆలస్యం ఖర్చు భరించడం అన్న సూత్రం అప్పుడు అమల్లోకి వస్తుంది. మూడేళ్లు దాటి, పరీక్షల వాయిదాలూ ఏమీ లేకుండా ఉండిపోయినవాళ్లను అప్పుడు నిర్మొహమాటంగా పంపవచ్చు.

ఖర్చు విశ్వవిద్యాలయం మీద వేయకూడదు. అధ్యాపక పోస్టులే భర్తీ కాక, కాంట్రాక్టు, పార్ట్‌టైం వాళ్లతో డిపార్ట్‌మెంట్లు లాక్కొస్తున్న విశ్వవిద్యాలయాలకు ఇంకో బరువు ఎత్తడం న్యాయం కాదు. ఉపాధి కల్పన శాఖ బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు పెట్టాలి. విద్యార్థికి ఇచ్చే ఆ 2,100 ఈ కార్డున్న పిల్లలకూ ఇస్తే చాలు, మిగతాది వాళ్లు కష్టపడి చూసుకుంటారు. అందరూ హైదరాబాద్‌కే రావాల్సిన అవసరం కూడా తగ్గించవచ్చు. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు, కరీంనగర్‌లో శాతవాహన, నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడ అర్ధరాత్రిదాకా తెరిచి ఉండే లైబ్రరీ, ఆడపిల్లలకు భద్రమైన డార్మిటరీ ఉంటే అచ్చంపేట పిల్ల పాలమూరులోనే ఉండి చదువుకుంటుంది. వారానికోసారి తల్లి వచ్చి చూసిపోతుంది. ఇంట్లోవాళ్లు ఇంకో రెండేళ్లు ఆగుతారు.

2024 ఆగస్టులో తెలంగాణ అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. ఎస్సీ వర్గీకరణ వంటి కారణాలతో అందులోని తేదీలు వెనక్కి జరిగాయి. వర్గీకరణ అవసరమైన పనే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ క్యాలెండర్ వెనక్కి జరిగిన ప్రతి నెలా ఏదో ఒక గదిలో ఒక పిల్ల నేలమీద ఇంకో నెల పడుకుంటుందని, ఆ నెల తిండిని ఇంకో విద్యార్థిని పంచుకుంటుందని తేదీలు మార్చే అధికారులకు తెలిసి ఉండాలి.

పెద్ద ఏర్పాట్లకు సమయం పడుతుంది. ఈ వేసవికే చేయగలిగింది ఒకటుంది. మే నెలలో మరమ్మతులకని హాస్టళ్లు, మెస్సులు మూసే అలవాటు ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పరీక్షలు పడుతుంటాయి. 2024లో గ్రూప్-1 ప్రిలిమ్స్ జూన్ 9న జరిగింది, అంటే చదువు ఊపందుకునేది మేలోనే. ప్రతి పెద్ద క్యాంపస్‌లో ఒక మహిళా హాస్టల్, ఒక పురుషుల హాస్టల్, ఒక మెస్సు వేసవి అంతా తెరిచి ఉంచాలి. మరమ్మతులు వంతులవారీగా చేసుకోవచ్చు. హాల్‌టికెట్ చూపించినవాళ్లందరికీ, బోర్డరైనా నాన్‌బోర్డరైనా, పేరు రాసుకుని మంచం ఇవ్వాలి, కూపన్ మీద భోజనం పెట్టాలి. ఏ హాస్టల్ తెరిచి ఉంటుందో మార్చిలోనే నోటీసు పెడితే, ఊళ్లలో తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పుకోవడానికి ఆ పిల్లలకు వ్యవధి ఉంటుంది.